ఆవిరికి ఆసామి లేడు

ఏటా జూన్ 5 రాగానే మా బుక్కరాయసముద్రంలో చెట్ల మీద ప్రేమ పుడుతుంది. పుట్టిన ప్రేమకు ఫ్లెక్సీ కడతారు. మధ్యలో ఒక మొక్క, ఆ మొక్కను పట్టుకుని మొక్క కంటే ఏపుగా నాయకుడు, ఆయన నెత్తిన ఆయన నాయకులు, కాళ్ల దగ్గర తపాలా బిళ్లంత సైజులో చందాలిచ్చిన కుర్రాళ్లు. కింద ఎర్రటి అక్షరాల్లో "స్వచ్ఛమైన గాలి మన హక్కు". ఆ ఎరుపూ, ఆ పచ్చా, నాయకుడి బుగ్గ మీది గులాబీ రంగూ అన్నీ సాల్వెంట్ సిరాలే. ప్లాస్టిక్ గుడ్డకు రంగు అతుక్కోవాలంటే సైక్లోహెక్సనోన్ లాంటి ద్రావకం ఆ గుడ్డను పైపైన కాస్త మెత్తబరచాలి. ఆ పని అయ్యాక తాను ఆవిరై పోవాలి. ఎక్కడికి పోవాలి? నాయకుడి చిరునవ్వు ఆరేదాకా ప్రింటింగ్ షాపు కుర్రాడి ముక్కులోకి, అక్కడ మిగిలింది ఎగ్జాస్ట్ ఫ్యాను గుండా వెనక సందులోకి. స్వచ్ఛమైన గాలి మన హక్కని ఊరికి చెప్పడానికి ఒక సందు గాలిని ఖర్చు పెట్టాం. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ఆ నిషేధం ఫ్లెక్సీల కంటే ముందే వెలిసిపోయింది.

ఫ్లెక్సీ షాపు వాడి మీద నాకు కోపం లేదు. వాడు చిల్లర దొంగ. వాడి ఫ్యాను పన్నెండు అంగుళాలు. నేను మాట్లాడదలచుకున్నది రెండు నిలువుల ఎత్తు బ్లోయర్లున్న పెద్దమనుషుల గురించి. మందు బిళ్ల, కారు రంగు, చెప్పుల జిగురు, బిస్కెట్ ప్యాకెట్ మీది బొమ్మ, గానుగ వదిలిన చెక్కలోంచి పిండే చివరి నూనెబొట్టు... ఇవన్నీ సాల్వెంట్ లేకుండా తయారుకావు. టోలుయిన్, హెక్సేన్, అసిటోన్, మిథనాల్, డైక్లోరోమీథేన్ అని వాటి పేర్లు. వీటి ఉద్యోగం చాలా విచిత్రమైంది. పని జరిగేటప్పుడు ఉండాలి, సరుకు గేటు దాటేటప్పుడు ఉండకూడదు. బిళ్లలో టోలుయిన్ మిగిలితే విదేశీ కొనుగోలుదారు లోడు వెనక్కి పంపిస్తాడు. కాబట్టి ఆరబెడతారు, వేడిచేస్తారు, గాలి ఊదుతారు. ఆ గాలి సాల్వెంటును మోసుకుని బయటికి వస్తుంది. వచ్చిన గాలి ఎవరిది అన్నదే ప్రశ్న.

జవాబు కంపెనీ స్టోర్స్‌లోనే ఉంది. డ్రమ్ము వచ్చిన రోజు దానికి తాళం ఉంటుంది, సీసీ కెమెరా ఉంటుంది, రిజిస్టర్ ఉంటుంది, జీఎస్టీ బిల్లు ఉంటుంది, కట్టిన పన్నును వెనక్కి తెచ్చుకునే ఇన్‌పుట్ క్రెడిట్ ఉంటుంది. అర లీటరు తేడా వస్తే స్టోర్ కీపర్ ఉద్యోగం పోతుంది. రియాక్టరులో వేడెక్కి ఆవిరైనా అది కంపెనీ ఆస్తే. మంచుకంటే చల్లటి ఉప్పునీరు తిప్పి, కండెన్సరులో పట్టి, చుక్క చుక్కా ట్యాంకులోకి దింపుతారు. డిస్టిలేషన్ కాలమ్‌లో మళ్లీ శుభ్రం చేసి వాడుకుంటారు. ఇంతవరకూ ముచ్చటైన పొదుపు. కానీ కండెన్సరు దాటి కొంచెం తప్పించుకుంటుంది. గాలిలో పలచగా కలిసిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికయ్యే కరెంటు బిల్లు, పట్టుకున్నాక వచ్చే సరుకు ధర కంటే ఎక్కువ. అక్కడ, సరిగ్గా ఆ గీత దగ్గర, కంపెనీకి దానధర్మం గుర్తుకొస్తుంది. పైపు కప్పు మీదికి తిప్పి ఆకాశానికి రాసిచ్చేస్తుంది.

రూపాయి ఉన్నంతసేపు ఆవిరి కంపెనీది. రూపాయి అయిపోయిన క్షణం నుంచి అది ఊరిది. ఇంత సూటిగా ఆస్తి పంపకం చేసిన చట్టం మన ఏ సివిల్ కోర్టులోనూ లేదు.

ఆ చివరి చిల్లర ఆవిరికి మందు లేదా అంటే, ఉంది. పైగా పాతది. 1817లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త గని కార్మికుల దీపాల మీద పనిచేస్తూ ఒక వింత చూశాడు. మండే వాయువూ గాలీ కలిసిన మిశ్రమంలో వేడి ప్లాటినం తీగ పెడితే మంట లేకుండానే ఆ వాయువు కాలిపోయింది, తీగ మాత్రం ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. తర్వాత 1950లలో యూజీన్ హూడ్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు లాస్ ఏంజెలెస్ పొగమంచు చూసి, అదే సూత్రంతో కారు పొగగొట్టానికీ ఫ్యాక్టరీ గొట్టానికీ ఉత్ప్రేరక కొలుములు తయారుచేశాడు. ఇప్పటి యంత్రం చూస్తే నిరాశపడతారు, అంత నిరాడంబరంగా ఉంటుంది. ఒక ఇనుప పెట్టె. లోపల సన్నటి గదులున్న పింగాణీ దిమ్మెలు. గదుల గోడల మీద అల్యూమినా పూత. పూతలో కంటికి ఆనని ప్లాటినమో పల్లాడియమో. సాల్వెంట్ ఉన్న గాలిని 300, 400 డిగ్రీలకు వేడిచేసి ఆ గదుల గుండా పంపిస్తే, ద్రావకం ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ అయిపోతుంది. ప్లాటినం లేకుండా ఉత్త మంటతోనే కాల్చాలంటే 750, 800 డిగ్రీలు కావాలి. అంటే సగం ఇంధనంతో అదే పని.

ఇంకో సంగతి వింటే ముక్కున వేలేసుకుంటారు. ఘనపు మీటరు గాలిలో ఒక్క గ్రాము టోలుయిన్ కాలినా ఆ గాలి సుమారు 30 డిగ్రీలు వేడెక్కుతుంది. రెండు మూడు గ్రాములుండి, బయటికి పోయే వేడిని లోపలికొచ్చే గాలికి అందించే మంచి ఎక్స్‌ఛేంజరు ఉంటే, ఒకసారి రాజేశాక బయటి ఇంధనం దాదాపు అక్కర్లేదు. విషమే తన దహన ఖర్చు తాను భరిస్తుంది. ఈ దేశంలో తన ఖర్చు తాను భరించే దోషి ఇంకెవరూ నాకు తారసపడలేదు.

మా కరువు సీమకు పనికొచ్చే లెక్క కూడా ఒకటుంది. కిలో టోలుయిన్ పూర్తిగా కాలితే దాదాపు 780 గ్రాముల నీరు పుడుతుంది. ఆవిరి రూపంలోనే అనుకోండి, అయినా నీరు నీరే. ఏటా 550 మిల్లీమీటర్ల వానకు మొహం వాచిన జిల్లా మాది. 2003 తర్వాత మేఘమథనం పేరుతో విమానాలు తిరిగి మబ్బుల మీద రసాయనాలు చల్లాయి. 2016 ఆగస్టులో రెయిన్ గన్లు వచ్చి ఎండిన వేరుశనగ మీద కాల్పులు జరిపాయి. ఆ పథకాలన్నిటిలో ఎంత పోస్తే ఎంత నీరు వచ్చిందో కచ్చితంగా చెప్పగలిగింది ఒక్కటీ లేదు. ఇక్కడ అణువుల లెక్క ఉంది, తప్పు పోయే ప్రసక్తే లేదు. టెండరు పిలవడానికి ఇంతకంటే ఏం కావాలి? శంకుస్థాపనకు నేను కొబ్బరికాయ తెస్తాను.

మరి ఎందుకు పెట్టరు? పెట్టేవాళ్లున్నారు. ప్రపంచంలో పెద్ద కార్ల కంపెనీలు రంగులు ఆరబెట్టే ఓవెన్ గాలిని కాల్చి వదలడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కారు తయారీలో సాల్వెంటు ఎక్కువగా లేచేది పెయింట్ షాపులోనే. కానీ అదే కారు రోడ్డెక్కి, గుద్దుకుని, మా అనంతపురంలో టింకరింగ్ షెడ్డుకు వచ్చిందనుకోండి. పదహారేళ్ల పిల్లవాడు ముక్కుకు చేతిగుడ్డ కట్టుకుని థిన్నర్ కలిపిన రంగును స్ప్రే గన్‌తో కొడుతుంటాడు. కొత్త కారుకు ఒక ఊపిరితిత్తి లెక్క, పాత కారుకు మరో ఊపిరితిత్తి లెక్క.

పెట్టనివాళ్లు చెప్పే కారణాల్లో కొన్నిటిలో నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఉత్ప్రేరకం సుకుమారి. గాలిలో సిలికాన్, గంధకం, భాస్వరం కలిస్తే దాని మీద పేరుకుని చంపేస్తాయి. డైక్లోరోమీథేన్ లాంటి క్లోరిన్ సాల్వెంటును కాలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది, వెనక మరో స్క్రబ్బరు పెట్టి దాన్ని కడగాలి. ఆవిరి చిక్కబడితే పేలుతుంది కాబట్టి పేలుడు హద్దులో నాలుగో వంతు దాటకుండా కాపలా కాయాలి. మందుల ఫ్యాక్టరీలో ఈ వారం ఒక సాల్వెంటు, వచ్చే వారం మరొకటి. కాబట్టి కొలిమిని నడపడానికి చదువుకున్న మనిషి కావాలి, వాడికి జీతం కావాలి. నిజమే. కానీ ఇంతకంటే పది రెట్లు పెంకి రసాయన చర్యను రియాక్టరులో లొంగదీసి అమెరికాకు మందులు అమ్ముతున్న మేధావులు మనవాళ్లు. సరుకు దగ్గర ఉన్న తెలివి గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి ఆవిరైపోతుందో?

కొందరు పెడతారు కూడా. తనిఖీకి పెడతారు. ప్రతి కొలిమికీ ఒక బైపాస్ ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తే గాలిని పక్కదారి పట్టించడానికి ఇంజనీర్లు పెట్టిన తలుపు అది. ప్రమాదం అంటే కొన్ని చోట్ల కరెంటు బిల్లు అని అర్థం చేసుకున్నారు. అధికారి జీపు గేటులోకి వస్తే తలుపు మూసుకుంటుంది, కొలిమి రాజుకుంటుంది. జీపు మలుపు తిరగ్గానే తలుపు తెరుచుకుంటుంది. ప్లాటినం వేల గంటలు పనిచేసినా తరగదని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. పనే చేయించకపోతే ఇంకా తరగదు.

ఇక కాగితం సంగతి. చట్టం లేదనకండి, ఉంది. 1981లో గాలి చట్టం వచ్చింది. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ చట్టం వచ్చింది. కొన్ని పరిశ్రమల గొట్టాలకు సాల్వెంట్ల పరిమితులు కూడా నోటిఫై అయ్యాయి. పరిమితి ఎలా రాశారంటే, ఘనపు మీటరు గాలిలో ఇన్ని మిల్లీగ్రాములని. మహానుభావులు అక్కడే దారి కనిపెట్టారు. ఆవిరి తగ్గించక్కర్లేదు, గాలి పెంచితే చాలు. పెద్ద బ్లోయరు పెట్టి ఉత్త గాలి కలిపేస్తే మిల్లీగ్రాములు వాటంతటవే దిగివస్తాయి. పాలలో నీళ్లు కలిపినవాణ్ని కల్తీ కేసులో పట్టుకుంటాం, ఆవిరిలో గాలి కలిపినవాణ్ని నిబంధనలు పాటించాడని మెచ్చుకుంటాం. ఊరికి చేరే కిలోలు మాత్రం అవే.

గొట్టం దగ్గర తప్పించుకున్నా ఊళ్లో గాలి కొలిచే మీటరు పట్టుకుంటుందిలే అనుకుంటే, ఆ ఆశ కూడా వద్దు. 2015 ఏప్రిల్‌లో దేశానికి వాయు నాణ్యత సూచీ అనే మార్కుల పట్టిక ఇచ్చారు. పీఎం10, పీఎం2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. అష్టదిక్పాలకుల్లా ఎనిమిది మంది. అందులో సాల్వెంటు ఒక్కటీ లేదు. ఊరంతా టోలుయిన్‌తో తలతిరిగి పడుకున్నా ఫోనులో యాప్ పచ్చగా నవ్వుతూనే ఉండొచ్చు. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో పన్నెండు పేర్లున్నాయి. సాల్వెంటు కులంలోంచి అక్కడికి చేరింది బెంజీన్ ఒక్కటే, ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములని. మిగతా బంధువర్గమంతా లెక్కల్లో లేనిది. లెక్కలో లేనిది నేరమెలా అవుతుంది?

మనిషి ముక్కుకు తెలిసిపోతుంది కదా అంటారు. ముక్కు సాక్ష్యం ఏ ఆఫీసులో చెల్లుతుందో చూడండి. ఏ జిల్లా అయినా ఈ సంభాషణ ఇలాగే నడుస్తుంది.

"సార్, రాత్రయితే గొంతు పట్టుకుంటాంది. పిల్లోల్లు దగ్గుతాండారు."

"పొగ కనబడిందా?"

"పొగ లేదు సామీ, వాసన."

"ఏ రంగు వాసన?"

"వాసనకు రంగేంది సార్?"

"మరి ఫారంలో ఏం రాయమంటావప్పా? నల్లపొగ, తెల్లపొగ, పసుపుపొగ అని మూడు గళ్లున్నాయి. వాసన గడి లేదు. పగలు వాసన వచ్చినప్పుడు చెప్పు, వచ్చి చూస్తాం."

పగలు రాదని ఇద్దరికీ తెలుసు. రాత్రి వదలడంలో ఇంకో మహిమ కూడా ఉంది. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆవిరిని మోసుకుపోతుంది. రాత్రి నేల చల్లబడితే చల్లటి గాలి కింద పరుచుకుంటుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వదిలిందంతా ఆ మూత కిందే, నిద్రపోయేవాళ్ల మంచాల ఎత్తులోనే తిరుగుతుంది. హైదరాబాదు అంచున బొల్లారం, బాచుపల్లి వైపు కాలనీలవాళ్లు అర్ధరాత్రి కిటికీలు మూసుకుని ఫిర్యాదులు చేసేది ఇందుకే. లక్షలు పోసి అపార్ట్‌మెంటు కొన్నవాడి ఫిర్యాదైనా పత్రికకెక్కింది. వాళ్లకంటే ముందు పటాన్‌చెరు పల్లెల రైతులు ఏళ్ల తరబడి అదే మాట చెప్పారు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన క్లినిక్కుకు వచ్చిన రోగులను చూసి చూసి, చీటీ మీద మందు రాస్తే సరిపోదని ఉద్యమంలోకి దిగారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే పటాన్‌చెరు-బొల్లారానికి 70.07, విశాఖకు 70.82 వచ్చాయి. 70 దాటితే తీవ్ర కలుషితమని వాళ్ల అర్థం. 35కు పాసయ్యే జాతి మనది, ఇద్దరికీ డిస్టింక్షన్ వచ్చినట్టే లెక్క. ఏడేళ్లు తిరక్కుండా, 2016లో, వ్యాపారం సులభంగా చేసుకునే రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ జంటగా మొదటి ర్యాంకు కొట్టాయి. ఊపిరి సులభంగా పీల్చుకునే రాష్ట్రాలకు మాత్రం ఎవరూ ర్యాంకులివ్వరు, ఇవ్వరు కాబట్టి పోటీ లేదు.

ఆవిరిని గ్రాముల్లో లెక్కపెట్టనివాళ్లు ఒకరోజు మనుషుల్లో లెక్కపెట్టాల్సి వస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో నిలిచి ఉన్న స్టైరీన్ తనలో తాను వేడెక్కింది. ఉష్ణోగ్రత చూసే సాధనం ట్యాంకు అడుగు దిక్కున ఉంది, పైన ఉడుకుతున్న సంగతి దానికి తెలియదు. ఫ్యాక్టరీలో సైరను మోగించగల చోట్లు 36 ఉన్నాయనీ, ఒక్క చోటా ఎవరూ మోగించలేదనీ ప్రభుత్వ ఉన్నతాధికార కమిటీ రాసింది. ఏళ్ల తరబడి తగిన పర్యావరణ అనుమతి లేకుండానే నడిచామని కంపెనీ అంతకు ఏడాది ముందే ప్రమాణపత్రంలో ఒప్పుకుంది. నేరం ఒప్పుకున్నా వినేవాడు లేకపోవడం ఎంత హాయి! 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసైన్షియా ఫార్మా ఫ్యాక్టరీలో మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే సాల్వెంటు కారింది, ఆవిరి పరుచుకుంది, పేలింది. 17 మంది పోయారు.

కప్పు మీద ఉత్ప్రేరక కొలిమి ఉండుంటే ఈ 29 మందీ బతికేవాళ్లని నేను అనను. ఇవి గొట్టం చివర జరిగినవి కావు, ట్యాంకు దగ్గరా పైపు దగ్గరా జరిగినవి. కానీ అలవాటు ఒకటే. లోపలున్న ఆవిరి సరుకుగా తప్ప ప్రమాదంగా కనబడదు, బయటికొచ్చిన ఆవిరి అసలే కనబడదు. రోజూ పది కిలోలు ఎటు పోయిందని అడగని సంస్థ, ఒకరోజు టన్నులు ఎటు పోతున్నాయో గమనిస్తుందని ఎలా నమ్మాలి?

పోయినవాళ్లకు ధర మాత్రం స్థిరపడింది. 2020లో ఒక ముఖ్యమంత్రి తలకు కోటి రూపాయలు ప్రకటించారు. 2024లో ఆయనను ఓడించి వచ్చిన ముఖ్యమంత్రి కూడా తలకు కోటే ప్రకటించారు. రాజధాని మీద పడని ఒప్పందం, పేర్ల మీద పడని ఒప్పందం, రంగుల మీద పడని ఒప్పందం ఇక్కడ కుదిరింది. ఉప్పూ పప్పూ పెరిగాయి, మనిషి రేటు పెరగలేదు. అదీ ఒకేసారి, కెమెరాల ముందు, సామూహికంగా పోతేనే. పదిహేనేళ్లు ప్రహరీ పక్కన బతికి, నరాలు మొద్దుబారి, నెత్తురు చెడి, ఒక్కడే నెమ్మదిగా పోయినవాడికి పైసా రాదు. వాడు దర్యాప్తుకు అందేంత వేగంగా చావలేదు.

ఇదంతా విశాఖదీ హైదరాబాదుదీ, అనంతకేం సంబంధం అంటారేమో. సంబంధం ఆకాశానిది. మా ఆకాశం వాన ఇవ్వదు గానీ అద్దె తెస్తుందని పెద్దలు ఎప్పుడో పసిగట్టారు. కొండల మీద గాలిమరలు వచ్చాయి, గాలికి యూనిట్ ధర కట్టారు. నంబులపూలకుంటలో సోలార్ పలకలు పరిచారు, ఎండకు యూనిట్ ధర కట్టారు. ధర కట్టనిది పీల్చే గాలి ఒక్కటే. ధర లేని వస్తువు పాడైతే నష్టం ఏ ఖాతాలో రాయాలి? 2017 ఏప్రిల్‌లో ఎర్రమంచికి కియా కార్ల ఫ్యాక్టరీ ఖరారయ్యాక, మాకూ ఒక ఫ్యాక్టరీ అని ప్రతి మండలం చేతులు చాచింది. చాచిన చేతుల్ని నేను ఎగతాళి చేయను. నాలుగేళ్లకొకసారి కాయ పట్టే వేరుశనగను నమ్ముకుని, బెంగళూరు బస్సెక్కిన పిల్లలున్న ఇళ్లు మావి. ఎగతాళి చేయాల్సింది ఆ చేతిలో ఏం పెట్టాలో నిర్ణయించే పెద్దల్ని. ఇతర చోట్ల ఊళ్లు తరిమేసిన సరుకును ఎండిపోయిన నేల మీదకు తోలడం వాళ్లకు సులువు. "కంపెనీ రానీ, మిగతాది తర్వాత చూద్దాం" అంటారు. తర్వాత చూసేది డాక్టరు.

పైగా మా ఎండ సాల్వెంటుకు తోడు దొంగ. గాలిలో కలిసిన ద్రావకాల ఆవిరి, లారీల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, వీటి మీద మండే ఎండ పడితే నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. పైన ఆకాశంలో గొడుగు పట్టే ఓజోన్ వేరు, కింద ఊపిరితిత్తులను గీరే ఓజోన్ వేరు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రం వాళ్లు అనంతపురం గాలిలో ఈ ఓజోన్‌ను ఏళ్ల తరబడి కొలిచి పత్రాలు రాశారు. ఓజోన్‌కు తేలిగ్గా లొంగిపోయే పంటల్లో వేరుశనగ ఒకటి. ఆకు మీద మచ్చలు వస్తాయి, కాయ తగ్గుతుంది. అంటే ఫ్యాక్టరీలో కొడుకు వదిలిన ఆవిరి పొలంలో తండ్రి పంట మీద పడుతుంది. రైతు వ్యవసాయాధికారి దగ్గరికి పోతాడు. ఆయన పురుగుమందు రాస్తాడు. ఆ పురుగుమందు కూడా సాల్వెంటులో కలిపి అమ్మిందే. ఇంత చక్కగా చుట్టు తిరిగి వచ్చే వ్యాపారాన్ని చూసి ముచ్చటపడని ఆర్థికవేత్త ఉండడు.

ఆ రైతు మోటార్ సైకిలును కూడా చూడండి. సైలెన్సరులో ప్లాటినం జాతి లోహాల పూత ఉన్న చిన్న ఉత్ప్రేరకం ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 లేని కొత్త బండి అమ్మనే అమ్మరు. ఆ పూత ఖర్చు షోరూములో వాడే కట్టాడు. కాలుష్యం సర్టిఫికెట్ లేదని క్లాక్ టవర్ దగ్గర వాడినే ఆపి చలానా రాస్తారు. లీటరు పెట్రోలు పోయించుకునేవాడికి డేవీ సూత్రం తప్పనిసరి. ట్యాంకర్లలో సాల్వెంటు దించుకునేవాడికి అది "ఆర్థిక సాధ్యాసాధ్యాలను పరిశీలించాల్సిన అంశం".

మా ఊరికి బలి కథ కొత్త కాదు. 14వ శతాబ్దంలో బుక్కరాయల పేరు మీద కట్టిన చెరువు తెగబోతే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తనంతట తాను గండిలో నిలబడి కట్టను కాపాడిందని చెప్పుకుంటాం. కట్టమంచి రామలింగారెడ్డి దాన్నే "ముసలమ్మ మరణము"గా కావ్యం చేశారు. ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటుంది. ఆ కాలంలో గండి అందరికీ కనబడింది, బలి ఎవరో ఊరంతటికీ తెలుసు, ఆమెకూ తెలుసు, తెలిసే సెలవు తీసుకుని వెళ్లింది. ఈ కాలంలో గండి కనబడదు. నిలబడ్డవాడికి తాను బలి అని తెలియదు. వాడు ఒడిశా నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కాంట్రాక్టు కూలీ, షిఫ్టుకు వచ్చాననుకుంటాడు. గుడి కట్టడం లేదు, జాతర చేయడం లేదు. కట్ట కూడా నిలవడం లేదు.

ఇన్ని మాటలన్నాక ఏం చేయాలో చెప్పకపోతే నేనూ ఒక కమిటీని అవుతాను. చెప్పేది చాలా చిన్నది. కొలిమి పెట్టమని ముందే అడగను. మీటరు కొనమని కూడా అడగను. లెక్క అడుగుతాను. ఐరోపాలో 1999 నాటి ఆదేశం సాల్వెంటు వాడే ఫ్యాక్టరీలను ఒక పద్దు రాయమంది. ఏడాదిలో కొన్నది ఎంత, సరుకులో పోయింది ఎంత, పట్టి వాడుకున్నది ఎంత, వ్యర్థంగా అప్పజెప్పింది ఎంత, కాల్చింది ఎంత. మిగిలిన తేడా గాలిలోకి పోయినట్టే. అది మిల్లీగ్రాముల్లో కాదు, టన్నుల్లో తేలుతుంది. బ్లోయరు ఎంత ఊదినా ఆ తేడా పలచబడదు. అర్ధరాత్రి వదిలినా పగటి కాగితం మీద కనబడుతుంది. బైపాస్ తలుపు తెరిచి పెట్టినా పద్దులో దొరికిపోతుంది. ఆ పద్దును ఏటా ఫ్యాక్టరీ గేటు మీద, తెలుగులో, రోడ్డు మీద పోయేవాడు చదవగలిగేంత అక్షరాల్లో రాయించండి. తేడా పెద్దదైన చోట కొలిమి పెట్టమని అప్పుడు ఊరే అడుగుతుంది. పెట్టిన కొలిమి నడుస్తోందో లేదో మరుసటి ఏడు తేడాయే చెబుతుంది.

లెక్క కష్టమంటారా? కష్టమేమీ లేదు, సగం ఇప్పటికే రాసి ఉంది. ప్రతి డ్రమ్ముకూ బిల్లుంది, ప్రతి బిల్లుకూ జీఎస్టీ నంబరుంది, పన్ను వెనక్కి తెచ్చుకున్న ప్రతి లీటరుకూ కంపెనీ సంతకం ఉంది. ఊరి గాలిలో కలిసిన ఆవిరి ఎవరిదో తెలియడం లేదని కాలుష్య మండలి ఇక బాధపడనక్కర్లేదు. పక్క వీధిలో పన్నుల ఆఫీసుకు వెళ్లి అడగమనండి. ఆసామి పేరు కొనుగోలు బిల్లు మీదే ఉంది.